రేడియోలో నా క్షేమసమాచారం

గాలివానకు బేతంచెర్లలో కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి, నేను ఎక్కాల్సిన రైలు ఆగిపోయింది. స్టేషన్ బయట రేకుల షెడ్డులో ఒకాయన లారీ బ్యాటరీకి రేడియో సెట్టు తగిలించి కర్నూలుతో మాట్లాడుతున్నాడు. చుట్టూ మూడు పెళ్లిళ్లకు సరిపడా జనం. నేను కథ మొదలుపెడితే ఇంట్లోవాళ్లే లేచి వెళ్లిపోతారు. ఈయన పెట్టె గరగరమంటే ఊరంతా ఊపిరి బిగబట్టి వింటోంది. నాకు కడుపు మండిపోయింది.

ముందు వరసలో గనుల్లో పనిచేసే ఎస్తేరమ్మ నిలబడి ఉంది. కూతురు కర్నూలు ఆసుపత్రిలో కాన్పుకు చేరిందట, పొద్దుటి నుంచి కబురు లేదు.

"మా పాప యెట్లుండాదో ఇంగొకసారి అడుగప్పా."

"ఆసుపత్రి లోపలికి మనిషిని పంపినారంట. రవ్వంత కాసుకోమ్మా."

ఆ సందులో నేను మైకు అందుకున్నాను. క్షేమంగా ఉన్నానని మా ఇంట్లో చెప్పమంటూ, తాటిచెట్లు గాల్లో ఎగిరిన వైనం, వాటి మధ్య నా ధైర్యం, అన్నీ వర్ణించాను. విన్న కబురును తిరిగి అప్పజెప్పడం ఈ రేడియోవాళ్ల పద్ధతి.

"ఒక మనిషి. బాగుండాడు," అంది కర్నూలు గొంతు.

"అంతేనా?" అన్నాను.

"నీ కతకు బ్యాటరీ చాలదు లేప్పా," అన్నాడు షెడ్డు ఆయన. అందరూ నవ్వారు.

అంతలో పెట్టె మళ్లీ పలికింది. "ఎస్తేరమ్మకు చెప్పండి. ఆడపిల్ల. తల్లీబిడ్డా బాగుండారు. సెట్టు బిడ్డ కాడికి తెచ్చినాం, వినండి."

సన్నగా ఏడుపు వినిపించింది. ఎస్తేరమ్మ పెట్టెకు చెంప ఆనించింది.

నా వాగ్ధాటినంతా రెండు ముక్కలకు కోసిన ఆ కర్నూలు మనిషి, ఆ ఏడుపులో మాత్రం ఒక్క ముక్క కోయలేదు.