గంగులు తాత నోట్ల బద్ద

మా తాత గంగులుకు గర్వం ఎక్కువ. నీటికాసుల జబ్బుతో చూపు పోయి ముప్పై ఏళ్ళు దాటినా, నేను ఏ రంగు డ్రెస్సు వేసుకున్నానో తడిమి చెబుతాననేవాడు. ఎప్పుడూ తప్పే చెప్పేవాడు. ఇది ఎరుపు కాదు తాతా, నీలం అంటే, దుకాణంవాడు నిన్ను మోసం చేశాడు పో అనేవాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నాకు వాదించడం నేర్పింది ఆయనే.

ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు పోతే మా ఊరు. చూపు పోయాక తాత వేట మానేసి ఒడ్డున వలలు బాగుచేసేవాడు. వల అల్లేవాళ్ళ చేతిలో ఒక వెదురు బద్ద ఉంటుంది. దాని మీద దారం చుట్టి ముడి వేస్తే వల కన్నులన్నీ ఒకే కొలతకు వస్తాయి. అలాంటి బద్ద ఒకటి తీసుకుని తాత దాని అంచున గాట్లు పెట్టాడు. నోటు ఒక కొసను బద్ద మొదట్లో ఆనించి చాపితే, రెండో కొస ఏ గాటుకు తగిలితే అది ఆ నోటు. పదికి దగ్గర్లో, వందకు దూరంగా, ఐదొందలకు ఇంకా దూరంగా. విలువ పెరిగేకొద్దీ కాగితం పొడవు పెరిగేది. అది చెడ్డ లోకంలో ఒక మంచి పద్ధతి అనేవాడు.

ఆ బద్ద వల్లే ఆయనకు తిరగేసిన పడవ మీద, డబ్బు పంచే మనిషి పీట దొరికింది. మా ఒడ్డున పడవ వాటాలు పంచేవాడికి ఆ పడవలో వాటా ఉండకూడదు. చూపు లేనివాడైతే మరీ మంచిది, ఎవరి మొహం చూసీ మొగ్గడు అన్నారు. పంచినందుకు ఇచ్చేది కూరకు సరిపడా చేపలు. అయినా ఆ పూట తాత మీసం దువ్వుకోకుండా ఇంట్లోంచి కదిలేవాడు కాదు. తన మీసం తనకే కనబడదు కదా అంటే, ఊరికి కనబడతాది కదే అనేవాడు.

పెద్ద నోట్లు రద్దయిన చలికాలంలో కొత్త ఐదొందల నోటు వచ్చిందనీ, అది చిన్నదనీ విన్నాను. నేనింకా చూడలేదు. తాతకు చెబితే పడీ పడీ నవ్వాడు.

"వంద నోటు కంటే ఐదొందల నోటు సిన్నగా ఉంటాదేటే? రేపు సొరసేప కంటే వేలెడు నెత్తళ్ళు పెద్దవని సెప్పు."

ఆ వారంలోనే నాగబాబు పడవ చేపలకు డబ్బు వచ్చింది. నేను రొయ్యల కంపెనీలో తలలు తీస్తున్నాను కాబట్టి, జరిగింది లక్ష్మణమ్మ చెప్పగా విన్నదే. ఆవిడ భర్త సముద్రంలో పోయాక, ఆయన వలకు వచ్చే వాటా ఆవిడ తీసుకుంటుంది. వ్యాపారి మొత్తం ఎంతో అందరి ముందూ చెప్పి కట్ట ఇచ్చి వెళ్ళాడు. ఐసు పెట్టెల మధ్య వచ్చిన కట్ట తడిసి మెత్తబడి ఉంది. మా ఒడ్డున నోట్ల అంచులు ఎక్కువకాలం నిలవవు. తడి చేతులకూ ఉప్పుకూ పీచులు లేచి అరిగిపోతాయి. అందుకే వంద గాటుకు కాస్త తగ్గిన నోటును అరిగిన వందగా లెక్కపెట్టడం తాతకు ఎన్నాళ్ళ నుంచో అలవాటు. ఆ రోజూ అలాగే లెక్కపెట్టాడు. ఒక్కొక్కరే వాటా తీసుకుని పక్కకు జరిగారు. చివర లక్ష్మణమ్మ వంతు వచ్చేసరికి కట్ట అయిపోయింది.

ఎవరికైనా ఎక్కువ వెళ్ళిందేమో చూసుకోమని తాత అడిగాడట. కళ్ళున్న వాళ్ళంతా చూసుకుని, లేదన్నారు.

"పోనీలే మావా, వయసైపోనాది" అన్నాడు నాగబాబు.

వెనక నుంచి ఎవరో పంచె మడతలు చూడమన్నారు. తాత లేచి నిలబడ్డాడు. అందరి ముందూ పంచె మడతలు విప్పి దులిపి, మళ్ళీ కట్టుకున్నాడు. తర్వాత వలలు కుట్టిన కూలీలోంచి లక్ష్మణమ్మ వాటా కొంచెం కొంచెంగా తీర్చాడు. ఆవిడ వద్దన్నా వినలేదు.

కొన్నాళ్ళకు నా జీతంలో కొత్త ఐదొందల నోటు వచ్చింది. తెచ్చి తాత చేతిలో పెట్టాను. బద్ద మీద చాపాడు. తిరగేసి చాపాడు. వంద గాటు దాకా కూడా రాలేదు. చాలాసేపు ఆ నోటును రెండు వేళ్ళతో రుద్దుతూ కూర్చున్నాడు. నెత్తళ్ళ మాట ఎత్తాలని నా నోరు దురద పెట్టింది. ఎత్తలేదు. వందలనుకుని ఆయన పంచిన ఐదొందలు ఎవరి దగ్గరున్నాయో ఇప్పుడే వెళ్ళి అందరినీ అడుగుతానని లేచాను.

"కూకో. ఎవులితోనూ అనకు. తీసుకున్నోడికి తెలుసు. ఆడే రావాల."

ఎవరూ రాలేదు. ఆయన మాత్రం రోజూ వాకిట్లోనే కూర్చునేవాడు, చెప్పుల చప్పుడు వినబడితే తల తిప్పేవాడు.

ఊరికే కూర్చోలేక కొత్త బద్ద మొదలుపెట్టాడు. బ్యాంకులో ఒకాయన, నోటు అంచున ఉబ్బెత్తు గీతలుంటాయి, మీలాంటి వాళ్ళ కోసమే, తడిమి చూడమన్నాడు. నైలాన్ దారం కోసి కోసి కాయలు కట్టిన వేళ్ళకు ఆ గీతలు తగల్లేదు. గాట్లు చాలవని ఈసారి బద్దకు చిన్న చిన్న రంధ్రాలు పొడిచి దారం ముళ్ళు వేశాడు. వందకు ఒక ముడి, ఐదొందలకు ఐదు. అది కుదిరిందనుకునేలోగా రెండొందల నోటు వచ్చింది. ఐదొందలకూ దానికీ తేడా చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. కొలతలు మార్చేవాళ్ళను తాత తిట్టిన తిట్లు నేను రాయలేను, నాకు ఇంకా పెళ్ళి కావాలి. బద్దల మీద బద్దలు చెక్కాడు. చివరికి ఒకటి కుదిరింది. నేను కావాలని నోట్లు కలిపి ఇచ్చినా సరిగ్గా చెప్పాడు. రంగుల విషయంలో లేని నిజం ఆయన చేతికి నోట్ల విషయంలో మళ్ళీ వచ్చింది.

అప్పటికి పడవ వాళ్ళు గొడవ పడుతున్నారు. తాత పీట పోయాక నాగబాబే పంచుతున్నాడు, నాగబాబు వాటాయే పెద్దదవుతోందని మిగతావాళ్ళ అనుమానం. వర్షాలు తగ్గాక నాగబాబు స్వయంగా వచ్చి తాతను పిలిచాడు. పాత మాటలు మనసులో పెట్టుకోవద్దన్నాడు. తాత మీసం దువ్వుకున్నాడు. ఆ రోజు నాకు సెలవు, చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్ళాను.

పడవ మీద కూర్చుని కొత్త బద్దను ఒళ్ళో పెట్టుకున్నాడు. అందరికీ చూపించాలని ఆయన ఉబలాటం నాకు తెలుస్తూనే ఉంది. మొదటి నోటు చాపాడు. పాత వంద. రెండోది పాత వంద. మూడోదీ అంతే. కట్ట మధ్యలోంచి ఒకటి లాగాడు, అడుగు నుంచి ఒకటి లాగాడు. అన్నీ వందలే. తాత బద్దను పక్కన పెట్టాడు.

"నాగబాబూ, ఇన్ని వందలు ఎక్కడివిరా?"

"నీకు తేలిగ్గా ఉంటాదనీసి మార్పించినాం, మావా."

"నా సేతిలో ఏ నోటు తప్పినాదో నానెవులికీ సెప్పలేదు. మీకెలా తెలిసింది?"

నాగబాబు మిగతావాళ్ళ వైపు తిరిగాడు. మిగతావాళ్ళు వలల వైపు చూశారు, ఇసుక వైపు చూశారు. ఏడాది పాటు తాత ఎదురుచూసిన మనిషి ఒక్కడు కాదని, అందరూ అని నాకు అప్పుడు అర్థమైంది. లక్ష్మణమ్మ ఒక్కతే తాత వైపు చూస్తూ ఉంది.

తాత కట్టను నాగబాబు చేతికే ఇచ్చి దిగాడు. బద్దను నేను తీసుకోబోతే వద్దన్నాడు. అది ఆ పడవ మీదే ఉండిపోయింది.

 ఇంటికి వస్తూ, ఆయన మనసు మళ్ళించాలని నా డ్రెస్సు ఏ రంగో చెప్పమన్నాను. నా చున్నీ అంచు తడిమి, నలుపన్నాడు. అది పసుపు.

"సరిగ్గా చెప్పావు తాతా" అన్నాను, జీవితంలో మొదటిసారి.

ఆయన ఆగిపోయాడు. చున్నీ వదిలేశాడు.

"నువ్వు కూడానేటే?" అన్నాడు.