వెండి పట్టీ కింద ముద్ర

నవంబరు పద్నాలుగు, శుక్రవారం. పొద్దున్నే తలుపు తీస్తే పక్క ఫ్లాటు గుమ్మం ముందు బోలెడు జతల చెప్పులు. ఈ అరబ్బు దేశంలో, వాడి కబీర్ అనే పేటలో మేముండే ఈ బిల్డింగులో సెలవురోజు ఎనిమిది దాకా ఎవరూ లేవరు. అమ్మ నా భుజం పట్టుకుని, "మావయ్యగారు పోయారే, నిద్దట్లోనే," అంది.

ఆయన మాకు చుట్టం కాదు. రాజోలు వైపు మనిషి. ఆయన భార్య, అత్తయ్యగారు, ఆసుపత్రిలో నర్సు. ఆయన ఇరవై ఏళ్ళకు పైగా మత్రా రేవు బజారులో పాత వస్తువుల దుకాణంలో పనిచేశారు. ఇక్కడి కుటుంబాల్లో తాతల నాటి తుపాకులు దాచుకుంటారు, పెళ్ళిళ్ళలో వాటిని చేతబట్టి ఆడతారు. అవి ఎక్కడ, ఎప్పుడు తయారయ్యాయో ఇనుము మీది ముద్రలు చూసి చెప్పడం మావయ్యగారి పని. ముద్రల బొమ్మలున్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు నాలుగు ఆయన దగ్గరుండేవి. కళ్ళకు శుక్లాలు వచ్చాక, వాటిని చదివిపెట్టడానికి శనివారాలు నన్ను దుకాణానికి తీసుకెళ్ళేవారు.

పలచటి కాగితం ఇనుము మీద పరిచి పెన్సిల్‌తో మెల్లగా రుద్దేవారు. కాగితం బూడిదరంగు మబ్బులా మారుతుంటే, అందులోంచి ఒక కిరీటం, ఒక బాణం, సగం అంకె తేలి వచ్చేవి. నూనె వాసన, దూరంగా ఓడ కూత. మెలకువలోనే కల కంటున్నట్టుండేది. నేను పుస్తకంతో పోల్చి, చూసింది తెలుగులో ఆయన నోటుబుక్కులో రాయాలి. నాకేమో కొత్తగా మాటల మోజు. ఒకసారి "కాలం కార్చిన కన్నీటితో తడిసిన కిరీటం" అని రాశాను.

"కిరీటానికి కన్నీళ్ళేంటమ్మాయ్? అది తుప్పు. తుప్పని రాయి."

"తుప్పంటే బాగోదు మావయ్యగారూ."

"బాగోకపోతే కొబ్బరినూనె రాద్దాం. ముందు ఉన్నది రాయి."

యజమానితో ఫోన్లో అరబ్బీ మాట్లాడుతూ మధ్యలో "ఆయ్, ఆయ్" అనేవారు. చివరికి ఆ యజమానికీ "ఆయ్" అలవాటైంది.

ఒక్క విషయం మాత్రం ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. నిరుడు నిజ్వా అవతలి పల్లె నుంచి ఒక పెద్దాయన, అసలుదని తన తండ్రి చెప్పి ఇచ్చిన తుపాకీ తెచ్చారు. ముద్ర ఉండాల్సిన పలక తోమి తోమి నున్నగా అయిపోయింది. మావయ్యగారు పుస్తకాలన్నీ తిరగేసి, నకలు అన్నారు. పెద్దాయన దాన్ని దుప్పట్లో చుట్టుకుని వెళ్ళారు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో దాన్ని బయటికి తీయలేదట.

రెండు వారాల కిందట, గొట్టానికి చుట్టిన వెండి పట్టీ వదులైందని ఆ తుపాకీ మళ్ళీ దుకాణానికి వచ్చింది. పట్టీ తీస్తే కింద, ఏ గుడ్డా తగలని చోట, కిరీటమూ దాని కింది అక్షరాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మూడో పుస్తకంలో ఆ బొమ్మ నేనే వెతికి చూపించాను. తుపాకీ అసలుదే. మావయ్యగారు పుస్తకం మూసి పక్కన పెట్టారు.

"అప్పుడే పట్టీ తీయించాల్సింది. వాళ్ళింటి వెండి కదా, కదపడం మర్యాద కాదనుకున్నా. ఆయనొచ్చాక ముందు నా తప్పు చెప్తా, తరవాత ముద్ర చూపిస్తా."

"ముద్ర చూపిస్తే చాలదా?"

"చాలదమ్మాయ్. ఏడాదిపాటు వాళ్ళ నాన్న మాట అబద్ధమైపోయింది, నా మూలంగా."

పెద్దాయన తుపాకీ తీసుకెళ్ళడానికి వచ్చేది రేపే.

ఈ సాయంత్రం అత్తయ్యగారి దగ్గరికి వెళ్ళాను. మావయ్యగారిని ఊరికి పంపే కాగితాల మధ్య కూర్చుని ఉన్నారు. "ముద్ర చూపించి వచ్చెయ్యవే. పోయిన మనిషి తప్పులు ఇప్పుడెందుకు?" అన్నారు. ఆయన అన్న మాట చెప్పాను. చేతిలోని కాగితం పక్కన పెట్టారు.

"అలా అన్నారా? అయితే అలాగే చెప్పు. ఆయన చెప్పమన్నారని కూడా చెప్పు."

రేపు ఉదయం నాన్నా నేనూ మత్రా బస్సెక్కుతాం. అరబ్బీలో రెండు వాక్యాలు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. మొదటిది తప్పు గురించి. తొమ్మిదిన్నరకు సముద్రం మీది ఎండ ఏటవాలుగా దుకాణంలోకి వచ్చి, నెమ్మదిగా బల్ల ఎక్కుతుంది. అప్పుడు గొట్టం మీది ముద్రను పెద్దాయన వైపు తిప్పుతాను.