కొట్టానికి అవతల హద్దు

నగరిలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగింది పంకజాక్షి. సర్వేయరు ఉద్యోగమొచ్చి కాణిపాకం దగ్గరి పల్లెకు చేరినప్పుడు, భూమి కొలవడమంటే ఉత్త లెక్కలే అనుకుంది. నెత్తురు కళ్లజూడాల్సి వస్తుందనుకోలేదు.

ఆ పల్లెలో మునీంద్ర, జయచంద్ర అన్నదమ్ములు. తండ్రి పోయాక మామిడితోపు పంచుకున్నారు గానీ నడిమి హద్దు తేలలేదు. కొలిచి చూపమని పెద్దవాడు మునీంద్ర అడిగాడు. దట్టమైన కొమ్మల కింద, ఉపగ్రహాలతో కొలిచే యంత్రానికి సిగ్నల్ అందక పంకజాక్షి టేపు తీసింది. తోపు రెండు చివర్లా ఉన్న పాత సర్వే రాళ్ల మధ్య తిన్నగా కొలిచి, సరిగ్గా సగంలో గుర్తు పెడితే అదే నడిమి హద్దు. కానీ ఆ దారికి అడ్డంగా జయచంద్ర కొత్తగా పశువుల కొట్టం కట్టి, తలుపుకు తాళమేసి, గడ్డపారతో నిలబడ్డాడు.

"కొట్టంలో అడుగు పెడితే కాళ్లిరగ్గొడతా!"

"మీ కొట్టంతో పని లేదన్నా. పక్కనుంచే పోతాం."

అన్నట్టే చేసింది. గోడ ముందు ఆగి, లంబకోణంలో పక్కకు జరిగి, కొట్టం పొడవునా బయటనే కొలుచుకుంటూ పోయింది. కొట్టం దాటాక, ఎంత పక్కకు జరిగిందో అంతే ఇవతలికి వస్తే మళ్లీ పాత దారిలోనే పడుతుంది. లోపల కొలవలేని దూరం బయటే తేలిపోతుంది.

కొట్టం ఎవరి నేలలో ఉందో బయటపడుతుందని జయచంద్రకు అర్థమైంది. గడ్డపార ఎత్తి ఆమె మీదికి ఉరికాడు.

"ఒరే, ఆ పాపను కొడతావా!" అంటూ మునీంద్ర అడ్డమొచ్చాడు. గడ్డపార మొన అతని కంట్లో దిగింది. మళ్లీ ఎత్తబోతుంటే పంకజాక్షి రెండు చేతులా పట్టుకుంది. జయచంద్ర మెలితిప్పాడు. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. టేపు రెండో కొస పట్టిన సహాయకుడు తిరుమలయ్య జయచంద్రను వెనకనుంచి పడదోశాడు. పరుగెత్తుకొచ్చిన జనం జయచంద్రను నేలకేసి తొక్కారు. పళ్లు రాలాయి.

"సాలు, సచ్చిపోతాడు!" అని కూలబడిన పంకజాక్షి నేలమీదనుంచే అరుస్తూ ఉంది.

చేతి కట్టు విప్పాక ఆమె మళ్లీ వచ్చింది, పోలీసులతో.

"ఇంకొకరు కొలుస్తారులేమ్మా," అన్నాడు తిరుమలయ్య.

"ఈడ ఆగిపోతే ఇంక యాడా కొలవలేనప్పా."

మొదటి రాయి నుంచే మొదలుపెట్టింది. కొట్టం చుట్టూ అదే దారిలో తిరిగి అవతలి రాయి చేరింది. సగం దూరం కొట్టానికి అవతల పడింది; హద్దు తేలింది. కొట్టం మొత్తం మునీంద్ర నేలలోనే ఉంది. జయచంద్ర అప్పటికి జైల్లో ఉన్నాడు. అతని భార్య నందిత ఆవుల్ని బయటికి తోలి, పోలీసు వద్దంటున్నా వినకుండా గోడను సమ్మెటతో కొట్టసాగింది.

"దీనికోసమేనా సొంత అన్న కన్ను పొడిసింది? దీనికోసమేనా?"

ప్రతి దెబ్బకూ పంకజాక్షి తన మణికట్టు పట్టుకుంది. చివరికి పోయి నందిత చేయి పట్టుకుంది. మునీంద్ర ఒంటికంటితో మరదలి వైపు చూసి, "ఉండనీమ్మా. ఆవులకు నీడ కావల్ల," అన్నాడు.

నందిత సమ్మెట వదిలేసి గోడకు తల ఆనించి ఏడ్చింది.