కుడి బొటనవేలు అరగదీసిన చోటు

మా ఆవిడ పోయింది. కిందటి నెల, ముసురు పట్టిన ఒక సోమవారం పొద్దున్న, అమలాపురంలో ఆసుపత్రి మంచం మీద. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు ప్రభువునందు నిద్రించిందని చెప్పారు. పేపర్లో వేయించలేదు. ఆమెని ఎరిగినవాళ్లలో చాలామంది ఆమె దగ్గర టైపు నేర్చుకున్నవాళ్లు. ఇప్పుడు ఎక్కడెక్కడో ఆఫీసుల్లో ఉన్నారు. ఈ నాలుగు మాటలు వాళ్ల కోసం.

వాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. చివరి కొన్నేళ్లు మా ఆవిడ సాయంత్రం పూట వీడియో గేమ్ ఆడింది. కొట్టుకునే ఆట. అందులో ఆమె చేతులు ఎలా కదిలేవో పూర్తిగా తెలిసిన మనిషి ఒకరున్నారు. అది నేను కాదు.

నేనూ ఆమె విద్యార్థినే. ఎమ్మే అయ్యి, ఉద్యోగం రాక, టైపు లోయర్ పరీక్షకి ఆమె ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. అక్షరాలు వెతుక్కుంటూ కొట్టేవాణ్ణి. ఒకరోజు వచ్చి నా చేతుల మీద తన చేతిరుమాలు కప్పింది.

"చూడకండి. వేళ్లకి తెలుసు," అంది.

నా వేళ్లకి ఏమీ తెలియలేదు. పరీక్ష తప్పాను. తర్వాత బడిలో మాస్టారుగా కుదిరాను. ఆమెని పెళ్లి చేసుకున్నాను. ఆ మాట నాకొక్కడికే చెప్పిందని కాదు. అది టీచరుగా ఆమె రోజూ చెప్పే మాటే. అయినా చేతిరుమాలు కప్పి చెప్పింది నాకే కాబట్టి, అది నాదే అనుకుంటూ వచ్చాను.

ఆమె వేళ్లు ఊరికే ఉండేవి కావు. ప్రసంగం జరుగుతుంటే బైబిల్ అట్ట మీద మెల్లగా కదిలేవి. పాస్టరు గారు చెప్పింది చెప్పినట్టు టైపు చేసేది. ఆయన చెప్పిందే మళ్లీ చెప్తే ఆమె చెయ్యి ఆగేది. పక్కన కూర్చుని నేను ప్రసంగం ఎలా ఉందో ఆ వేళ్లని బట్టి తెలుసుకునేవాణ్ణి.

ఇన్‌స్టిట్యూట్ మూసేశాక ఆ వేళ్లకి పని లేకుండా పోయింది. అప్పుడు మా అమ్మాయికి కాకినాడలో ఉద్యోగం వచ్చి, తన ఆటల పెట్టె మా టీవీ కింద వదిలి వెళ్లింది. ఒకరోజు దుమ్ము తుడుస్తూ మా ఆవిడ కంట్రోలర్ చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేం అన్యాయమండీ! టైపులో బొటనవేలికి ఖాళీ కొట్టడం ఒక్కటే పని. ఇక్కడ చాకిరీ అంతా పాపం దానికే. మిగతా వేళ్లు పెళ్లివారిలా కూర్చుని చూస్తున్నాయి."

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఆకాశంలో ఒక అరుగు. దాని మీద రెండు బొమ్మలు. అవతలి బొమ్మని కొట్టి కిందికి తోసేయాలి. నేల మీద కొట్టడం అందరికీ వస్తుంది. గెలుపోటములు గాల్లోనే తేలతాయి. ఎగిరాక ముందుకి, వెనక్కి, పైకి, కిందికి కొట్టవచ్చు. ఏ వైపూ కాకుండా ఉన్నచోటే గిర్రున తిరిగి కొట్టేది ఇంకొకటి. మామూలుగా ఎడమ బొటనవేలి కింది పుల్లతో దిక్కు చూపించి, కుడి బొటనవేలితో బటన్ నొక్కాలి. చిక్కు ఏమిటంటే, బొమ్మని నడిపేది కూడా ఆ ఎడమ పుల్లే. వెనక్కి కొడదామని వెనక్కి వంచితే ఒళ్లు కూడా వెనక్కే పోతుంది. పైకి కొడదామని పైకి తోస్తే, దానికి ఎగరడం అని అర్థమై, ఉన్న ఒక్క గెంతూ వృథా అవుతుంది.

ఇది ఆమెకి రెండు రోజుల్లో పట్టుబడింది. మూడో రోజు సెట్టింగుల్లో కూర్చుంది. ఎడమ పుల్లకి ఎగిరే పని తీసేసింది. దాన్ని పై అంచున చూపుడువేలి కింది బటన్‌కి మార్చింది. గాల్లో కొట్టే పని మొత్తం కుడి బొటనవేలి దగ్గరున్న రెండో పుల్లకి, అంటే కుడి పుల్లకి ఇచ్చింది. ఇక ఎడమ చెయ్యి వెళ్లడానికి, కుడి చెయ్యి కొట్టడానికి. ముందుకి వెళ్తూ వెనక్కి కొట్టవచ్చు.

"ఒక వేలికి రెండు పనులు చెప్పకూడదండి. ఏదీ సరిగ్గా చెయ్యదు. నేను అమ్మాయిలకి చెప్పేదీ ఇదే కదా," అంది.

ఒక్క దెబ్బ మాత్రం కుడి పుల్లకి లొంగలేదు. ఏ వైపూ లేనిది. పుల్లని ఏదో ఒక వైపు వంచితేనే కదా కొడుతుంది. దాని కోసం పాత బటన్ అలాగే ఉంచింది. దానికి దిక్కులేని దెబ్బ అని పేరు పెట్టింది. ఎప్పుడోగాని వాడేది కాదు.

నేను వరండాలో పేపరు చదువుకునేవాణ్ణి. లోపల టిక్కుటిక్కుమని చప్పుడు. ఇన్‌స్టిట్యూట్ మళ్లీ తెరిచినట్టు ఉండేది. అక్కడిదాకా బాగానే ఉంది.

రాజోలు డాక్టరు గారు ఆ ఆటలోనే తగిలారు. ఇంటర్నెట్టులో ఎవరెవరితోనో ఆడుతుంటే ఒకాయన ఆమెని చితక్కొట్టి, చివర్లో ఇంగ్లీషు అక్షరాల్లో "సారీ అండి" అని పంపారు. ఆమె వరండాలోకి వచ్చి, నా పేపరు మీదికి వంగి మరీ చెప్పింది.

"కొట్టి సారీ చెప్తున్నాడంటే మన గోదావరి ఆయనేనండి!"

ఆయన రాజోలులో పశువుల డాక్టరు. ఆ రోజు నుంచి సాయంత్రం ఆయనతోనే ఆట. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకునేది. ఆయన మాట నాకు వినిపించేది కాదు. ఈమెది వినిపించేది.

"ఆయ్... ఆయ్ డాక్టరు గారూ. అబ్బే, మీరింకా బటనే నొక్కుతున్నారు. అందుకే ఒళ్లు వెనక్కి పోతోంది. కుడి పుల్లకి మార్చమన్నానా? ...ఆయ్, మొదట్లో అలాగే ఉంటుందండి."

మా ఇంట్లో నాకు దొరికేది "ఊఁ". ఆ "ఆయ్" పరాయివాళ్లకి ఇచ్చే మర్యాదే, నాకు తెలుసు. కానీ అందులో ఒక హుషారు ఉండేది. ఇంకో సాయంత్రం, పేపరు చదువుతుండగా విన్నాను.

"కంట్రోలర్ వైపు చూడకండి. వేళ్లకి తెలుసు."

పేపరు మడిచి పెట్టాను. ఆ రోజు మళ్లీ తెరవలేదు.

భోజనం దగ్గర అడిగాను. "ఏమిటి, అంత నవ్వు?"

"ఏం లేదండి. పాపం ఆయన గేదెకి సూది వేసినట్టు ఒకే చోట పొడుస్తారు."

"నీకంటే చిన్నవాడా?"

"ఏమోనండి. గాల్లో మాత్రం పెద్దవాడే."

"మనిషి ఎలా ఉంటాడు?"

"నేనెప్పుడు చూశాను! మొహంతో ఏం పనండి? చేతులు తెలుసు, చాలు."

నా మొహం ఆమెకి తెలుసు. ఆటలో నా చేతులు తెలిస్తే ఏమనుకుంటుందో అని ఒకరోజు నేనూ పక్కన కూర్చున్నాను. "మీకు సెట్టింగులు మామూలుగా మార్చనా?" అంది. "నీకున్నట్టే ఉండనీ," అన్నాను. నా బొమ్మ ఎగిరి, ఎవరూ కొట్టకుండానే అరుగు మీంచి కింద పడింది. మళ్లీ పడింది.

"మాస్టారు గారూ, ఎదుటివాడికి శ్రమ లేకుండా చేసేరు," అని వీపు తట్టింది. దయగా తట్టింది. డాక్టరు గారి మీద ఆమె కోప్పడేది. నాకు ఆ కోపం కావాలనిపించింది.

తర్వాత్తర్వాత ప్రసంగంలో ఆమె వేళ్లు టైపు చేయడం మానేశాయి. బైబిల్ అట్ట మీద కుడి బొటనవేలు ఒక్కటే వంగి లేచేది. ప్రసంగం ఎలా ఉందో నాకు తెలిసే దారి పోయింది.

ఆసుపత్రిలో చేరిన వారానికి ఒక మధ్యాహ్నం కళ్లు తెరిచి అడిగింది.

"డాక్టరు గారు ఏమన్నారండీ?"

"రక్తం ఎక్కించాలన్నారు."

"ఆ డాక్టరు గారు కాదండి. మా డాక్టరు గారు."

మన అంటే వింటున్నవాణ్ణి కలుపుకోవడం. మా అంటే వాణ్ణి బయట నిలబెట్టడం. ఇంత చిన్న తేడా మన భాషలో ఎందుకు పెట్టుకున్నామో ఆ మధ్యాహ్నం నాకు అర్థమైంది. ఇన్నేళ్ల కాపురంలో నన్ను ఆ మాటకి అవతల ఎప్పుడూ నిలబెట్టలేదు ఆమె. అప్పుడు కూడా కావాలని నిలబెట్టలేదు. అందుకే మరీ గుచ్చుకుంది.

బయటికి వెళ్లి రాజోలుకి ఫోన్ చేశాను. ఒంట్లో బాగాలేదని, కొన్నాళ్లు రాదని చెప్పాను. ఆయన, "కోలుకుని రమ్మనండి. అందాకా ఎవరితోనూ ఆడనని చెప్పండి," అన్నారు. లోపలికి వెళ్లి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నవ్వింది. ఆసుపత్రిలో చేరాక ఆమె నవ్వడం అదే మొదలు. నేను అంతకుముందు చాలా మాటలు చెప్పి చూశాను.

ఆమె పోయాక ప్రార్థనకి మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక రోజున ఆయన బస్సు దిగి వచ్చారు. భారీ మనిషి, నలభై దాటి ఉంటాయి. నేరుగా వెళ్లి ఆమె ఫొటో ముందు నిలబడ్డారు.

"ఈవిడేనాండి టీచరు గారు?" అని అడిగారు.

ఆమె మొహం అప్పుడే చూస్తున్నారు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం నెమ్మదించింది. మొహం నాదే.

అందరూ వెళ్లాక టీవీ దగ్గరికి వచ్చి, "ఒకసారి పట్టుకోవచ్చాండి?" అన్నారు. కంట్రోలర్ ఇచ్చాను. వెలుగులోకి వంచి నాకు చూపించారు.

"చూడండి మాస్టారూ. కుడి పుల్ల మీద రబ్బరు నున్నగా అరిగిపోయింది. ఈ బటన్ చూడండి, కొట్లోంచి తెచ్చినట్టే ఉంది. దిక్కులేని దెబ్బ కొట్టేవారు కాదు కదండి."

రోజూ దాన్ని తుడిచి పెడుతున్నది నేను. నాకు కనపడలేదు.

"ఎలా కొట్టేవారో తెలుసాండి? మీదికి వస్తూనే ఉంటారు. మనల్ని దాటిపోయేరు, ఇంకేం ఫరవాలేదు అని ఊపిరి తీసుకుంటాం. అప్పుడు తగిలేదండి, వెనకనుంచి." ఆయన కళ్లు తుడుచుకున్నారు. "ఈ సెట్టింగులు మాత్రం మార్చకండేం."

"మార్చను," అన్నాను. ఆ మాట ఆయన చెప్పవలసి వచ్చినందుకు నాకు ఒళ్లు మండింది.

మొన్న సాయంత్రం పెట్టె ఆన్ చేశాను. ఎవరు ఆడుతున్నారని అడిగింది. ఉన్నది ఆమె పేరే. నొక్కాను. టీవీలో అరుగు కనపడిందో లేదో ఫోన్ మోగింది. రాజోలు.

"మాస్టారూ... మీరాండి?"

"నేనే."

"ఆయ్. ఏం లేదండి. ఇక్కడ టీచరు గారి పేరు పక్కన పచ్చ చుక్క వెలిగిందండి. ఒక్క క్షణం ఆవిడే వచ్చేరనుకున్నాను."

ఆమె చీరలు, కళ్లజోడు, ఫొటో, అన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఈ నెలలో ఒక్కసారైనా ఆమె వచ్చిందని నాకు అనిపించలేదు. ఆ క్షణం కూడా ఆయనకే దక్కింది.

"ఉన్నారాండి?"

"ఉన్నాను. రండి, ఆడదాం."

ఆమె హెడ్‌ఫోన్ నా తలకి బిగుతుగా ఉంది. మొదటిసారి నా అంతట నేనే పడిపోయాను. రెండోసారి తడబడి బటన్ నొక్కాను. నా బొమ్మ గాల్లో గిర్రున తిరిగింది. ఎవరికీ తగల్లేదు. ఆయన బొమ్మ కదలకుండా నిలబడి చూస్తోంది.

"ఊరుకోకండి. కొట్టండి," అన్నాను.

"కొడితే పడిపోతారండి."

"పడతాను."

కొట్టారు. పడ్డాను. "సారీ అండి," అన్నారు.

కుడి బొటనవేలు తీసి ఆ అరిగిన చోట పెట్టాను. నా వేలికి అది కొంచెం ఇరుకు. కంట్రోలర్ వైపు చూడడం మానేశాను. ఎడమ పుల్ల ముందుకి. పైన చూపుడువేలు. నా బొమ్మ ఎగిరి ఆయన తల మీంచి దాటింది. కుడి పుల్ల వెనక్కి. ముందుకి వెళ్తూనే వెనక్కి కాలు విసిరింది. ఆయన బొమ్మ అరుగు దాటి ఆకాశంలోకి పోయింది.

"మాస్టారూ! ఇది మన టీచరు గారి దెబ్బండి!"

"కాదండి," అన్నాను. "మా ఆవిడ దెబ్బ."

ఆయన బొమ్మ మళ్లీ అరుగు మీదికి దిగింది.

"ఆయ్," అన్నారు ఆయన. "మీ ఆవిడదేనండి."

ఇంకో ఆట మొదలుపెట్టాం. ఇంతలో ఆయన్ని ఎవరో పిలిచారు. ఆవు ఈనలేక అవస్థ పడుతోందట. ఉండండి, వచ్చేస్తానని కంట్రోలర్ పక్కన పెట్టి వెళ్లారు. నేను ఆపలేదు. ఆపితే రాజోలులో ఆ పచ్చ చుక్క ఆరిపోతుంది. టీవీలో అరుగు మీద రెండు బొమ్మలూ ఎదురెదురుగా నిలబడి, మెల్లగా ఊగుతూ, ఎవరు నొక్కుతారా అని చూస్తున్నాయి.