బావిలోంచి వచ్చిన లైన్ క్లియర్

2001 ఫిబ్రవరిలో పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య ఉన్న ఒక సబ్‌స్టేషన్‌లో సబ్ ఇంజినీరుగా చేరాను. ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తయిన తర్వాత నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. ఒక కంట్రోల్ రూము, బయట యార్డులో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, చుట్టుపక్కల పల్లెలకు పోయే నాలుగు ఫీడర్లు, గేటు పక్కన వేపచెట్టు, దాని నీడలో పడేసిన ఒక విరిగిన సిమెంటు స్తంభం. టీ తాగడానికైనా, పేపరు చదవడానికైనా, సాయంత్రం కబుర్లకైనా మా వాళ్లకు ఆ స్తంభమే బల్ల.

ఈ వృత్తి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు కరెంటు మోసుకుపోయే లైను. దాన్ని కలిపేదీ విడదీసేదీ బ్రేకరు. బ్రేకరు హ్యాండిల్ షిఫ్టు ఆపరేటరు చేతిలో ఉంటుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఆపరేటరును అడిగి లైను ఆపించుకుంటాడు, పని ముగిశాక తిరిగి అప్పగిస్తాడు. దీన్ని లైన్ క్లియర్ అంటారు. ఆ మధ్యకాలంలో లైను పూర్తిగా లైన్‌మన్‌ది, అతను అప్పగించేదాకా ఎవరూ హ్యాండిల్ ముట్టుకోకూడదు.

పుస్తకంలో ఉన్నది అది. మా దగ్గర నడిచే పద్ధతి వేరు. సెల్‌ఫోన్లు ఇంకా మా వైపు రాలేదు. పని జరిగే పొలం నుంచి సబ్‌స్టేషన్‌కు సైకిల్ మీద చాలాసేపు పడుతుంది. అందుకని పని ముగించిన లైన్‌మన్, ఇటువైపు వచ్చే రైతు ఎవరైనా కనిపిస్తే "అయిపోయిందని చెప్పప్పా" అని కబురు పంపేవాడు. మోటార్లకు కరెంటు కోసం ఎదురుచూసే రైతులు ఆ కబురు సంతోషంగా మోసేవారు. ఒక్కోసారి ఎవరూ పంపకపోయినా, పని అయినట్టు కనిపిస్తే వాళ్లే వచ్చి చెప్పేవారు. ఆపరేటరుకు అందరూ ముఖపరిచయమే కాబట్టి నమ్మేవాడు. ఏళ్ల తరబడి ఏ ఆపదా రాకపోవడంతో అది తప్పని ఎవరికీ తోచలేదు.

ఆ మే నెలలో గాలివానకు ఒక ఫీడరు తీగలు చెదిరాయి. లైన్‌మన్ రామాంజులు లైన్ క్లియర్ తీసుకుని పోయాడు. షిఫ్టులో ఉన్నది ఓబులేసు. రామాంజులు ఒక స్తంభం దిగి, గంగప్ప అనే రైతు మల్బరీ తోట గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. గంగప్ప అది చూసి పని ముగిసిందనుకున్నాడు. మోపెడ్ మీద నేరుగా సబ్‌స్టేషన్‌కు వచ్చి, "రామాంజులు దిగేసినాడు, కరెంటు వెయ్ ఓబులేసూ" అన్నాడు. ఓబులేసు వేశాడు.

అప్పటికి రామాంజులు తర్వాతి స్తంభం మీద ఉన్నాడు. అతన్ని కాపాడినవి ఎర్త్ రాడ్లు. పని చేసే చోట తీగలను భూమికి కలిపి ఉంచే కడ్డీలవి. దిగిన స్తంభం దగ్గర వాటినింకా తీయలేదు. కరెంటు భూమిలోకి పోయింది, బ్రేకరు పెద్ద చప్పుడుతో దానంతటదే విడిపోయింది. రామాంజులు కుడిచేయి మొద్దుబారింది. నడుముకున్న బెల్టు పట్టుకోకపోతే కిందపడేవాడు.

సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. ఓబులేసు ఎదురుగా నిలబడి ఒక్క మాటే అన్నాడు.

"ఓబులేసూ, నేను చెప్పమన్నానా?"

అంతవరకూ అతను ఓబులేసును "మామా" అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, ఏళ్లు కలిసి పనిచేసినందువల్ల వచ్చిన పిలుపు. ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలవడమే. ఓబులేసు షిఫ్టులో ఉంటే స్తంభం ఎక్కడం కూడా మానేశాడు. ఏదో ఒక సాకు చెప్పి షిఫ్టు మారేదాకా ఆగేవాడు. రిపేర్లు పేరుకున్నాయి.

మా పై అధికారి ఏఈ గారు నన్ను పిలిచి, "నువ్వు కొత్తగా చదువుకొని వచ్చినోడివి. వానలు ముదిరేలోగా ఈ లైన్ క్లియర్ సంగతి అందరి తలకెక్కేట్లు చెయ్యి. ఇంకోసారి ఎర్త్ రాడ్లు కాపాడతాయని రాసిచ్చినోళ్లు లేరు" అన్నారు.

నాకు ఏదైనా వరసగా రాసుకోవడం అలవాటు. బజారుకు పోయినా కూరగాయల పేర్లకు నంబర్లు వేసుకుంటాను. లైన్ క్లియర్‌కు పద్నాలుగు నిబంధనలు తయారుచేసి, ఎరుపు నలుపు రంగుల్లో పెద్ద చార్టు మీద రాయించి గోడకు తగిలించాను. రోజూ పొద్దున చదివి వినిపించాను. అందరూ శ్రద్ధగా తలలూపారు. కొన్నాళ్లయ్యాక ఒక లైన్‌మన్‌ను అడిగాను.

"ఏడో నిబంధన ఏమిటన్నా?"

అతను కాసేపు ఆలోచించి, "ఎనిమిదో దానికి ముందుది సారూ" అన్నాడు.

నవ్వని వాడు లేడు. నేనూ నవ్వాను గాని, లోపల దిగులు వేసింది. ఏడో నిబంధన, లైన్ క్లియర్ తీసుకున్నవాడే స్వయంగా తిరిగి ఇవ్వాలనేది. రామాంజులు ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంది.

ఓబులేసు మంచి మాటకారి. గొప్పలు చెప్పుకోవడంలోనూ తక్కువ తినలేదు. మే నెల తర్వాత అతని నోరు మూగబోయింది. ఒక సాయంత్రం ఎవరో బలవంతం చేస్తే, వేపచెట్టు కింద చాలా రోజులకు ఒక కథ చెప్పాడు. నేను కంట్రోల్ రూము కిటికీ దగ్గర కూర్చుని విన్నాను. వాళ్ల నాయన రామగిరి గనుల్లో మందు పేల్చే పని నేర్చుకుని, తర్వాత ఊళ్లల్లో బావులు తవ్వినవాడు.

"మా నాయన బాయి అడుగున బండకు మందు దట్టించినాడు. పైన మా మేనమామ బ్యాటరీ ముందర పెట్టుకోని కుచ్చున్నాడు. ఒక్కో చేతిలో ఒక్కో తీగ. రెండూ బ్యాటరీకి తగిలిస్తే కింద బండ పగులుతాది. అంతలో గంప పైకొచ్చింది. దాంట్లో సుత్తి, ఉలి, మా నాయన తలగుడ్డ. బాయి ఆసామి చూసి, 'తలగుడ్డ వచ్చిందంటే తలకాయ వచ్చినట్లే, అంటించప్పా' అన్నాడు. మా మామ కదల్లేదు. 'మా బావ కేక ఇనపడలేదు' అన్నాడు. ఆసామి తిట్టినాడు. కూలోళ్లు నవ్వినారు. తీగలు రెండూ ఇట్ల ఎడంగా పట్టుకోని అట్లే కుచ్చున్నాడు. కొంచేపటికి బాయిలోంచి గొంతు. 'గడ్డపార మరిచిపోతిని, గంప ఇడవండ్రా' అని. పైకొచ్చినాక మా నాయన మామ మొగం ముందర నిలబడి, 'బామ్మర్దీ, పైనుండా' అని కేకేసినాడు. అప్పుడు తగిలించినాడు తీగలు. నేనింకా పుట్టలేదప్పటికి. ఆ చేతులు ముందే కలిసింటే ఈడ టీ తాగేదానికి నేను ఉండను."

 రామాంజులు ఆ గుంపులో లేడు. ఉండి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు ఉత్సాహంగా ఒక్కొక్కరినీ అడిగాను, ఓబులేసన్న కథలో ఏముందని. ముగ్గురు ఒకే జవాబు చెప్పారు: "కోడిపులుసు." నేను పైన రాసింది కథలో సగమే. ఓబులేసు చెప్పినప్పుడు మేనమామ పెళ్లిలో గొడవ ఉంది, ఆసామి పిసినారితనం ఉంది, చివరికి ఆ పిసినారి సిగ్గుపడి అందరికీ పెట్టించిన రాగిసంగటి, నాటుకోడి పులుసు ఉన్నాయి. పులుసును మాత్రం అతను మసాలాతో సహా వర్ణించాడు.

ఓబులేసును పక్కకు పిలిచి అడిగాను, ఆ కథను సోమవారం మీటింగులో చెప్పమని, అయితే పెళ్లీ పులుసూ లేకుండా.

"సంగటి తీసేస్తే కథలో ఏముంటాది సారూ?"

"ఒక మనిషి, రెండు తీగలు, ఒక కేక. అవి గుర్తుంటే చాలన్నా."

"కోడిని కోసి ఎముకలు వడ్డించమంటాండావు."

"పులుసు ఇంటి దగ్గర పోసుకో. ఇక్కడ మాత్రం కేకతో ఆపెయ్. ఆ తర్వాత ఒక్క మాట కూడా వద్దు."

రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగాడు. అయినా సోమవారం చెప్పాడు. ఈసారి రామాంజులు కూడా ఉన్నాడు, తలుపు దగ్గర, గోడకు ఆనుకుని. ఓబులేసు రెండు చేతులూ ఎడంగా పట్టుకుని చూపించాడు. 'పైనుండా' దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. తర్వాత మాట్లాడలేక ఆగాడో, నేను ఆపమన్నందుకు ఆగాడో నాకు తెలియదు. నేను లేచి చెప్పింది కొంచెమే. బావిలోకి దిగినవాడే కేక వేయాలి. ఇకనుంచి లైన్ క్లియర్ తీసుకున్నవాడు తానే వచ్చి చెప్పాలి, లేదా ఊళ్లో ఫోను ఉంటే తన గొంతుతో చెప్పాలి. ఇంకొకరి నోట వచ్చిన కబురు గంపలో వచ్చిన తలగుడ్డతో సమానం.

పద్నాలుగు నిబంధనల చార్టు తీసెయ్యలేదు, అవన్నీ అవసరమే. బ్రేకరు హ్యాండిల్ పైన మాత్రం ఒక్క వాక్యం రాయించాను: 'దిగినవాడే కేక వేయాలి'. మా వాళ్ల నోట్లో అది వారంలోపే 'ఎక్కినోడే కేకెయ్యల్ల' అయింది. స్తంభం ఎక్కేవాళ్లు కదా, అదే సరైనది. పెయింటరును మళ్లీ పిలిపించాను.

రామాంజులు మాత్రం అప్పటికీ ఓబులేసు షిఫ్టులో ఎక్కలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం అదే ఫీడరులో తీగ తెగి పొలంలో పడింది. పశువులు తిరిగే చోటు కాబట్టి షిఫ్టు మారేదాకా ఆగడానికి వీల్లేదు. షిఫ్టులో ఉన్నది ఓబులేసే. రామాంజులు కంట్రోల్ రూములోకి వచ్చి, అతని ముఖం చూడకుండా లైన్ క్లియర్ తీసుకుని పోయాడు. ఓబులేసు బ్రేకరు విడదీసి, 'పని జరుగుతోంది' అనే బోర్డు తగిలించి, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను తెచ్చిన టీ కూడా తాగలేదు.

చాలాసేపటికి గంగప్ప వచ్చాడు, వెంట ఇంకో నలుగురు రైతులు. బోరుబావులకు కరెంటు వంతులవారీగా ఇచ్చేవాళ్లం. ఆ రోజు వాళ్ల వంతు సగం అప్పటికే పోయింది.

"ఏమబ్బా ఓబులేసూ, ఇంకా వెయ్యవా? తోట ఎండిపోతాండాది. ఆకు లేకుంటే పట్టుపురుగులకు ఏం పెట్టల్ల?"

"రామాంజులు రానీ గంగప్పా."

"వాని పని ఎప్పుడో అయిపోయింది. దిగి బీడీ తాగుతాంటే నా కండ్లతో చూసొచ్చినా."

"పోయినసారి గూడా నీ కండ్లే చూసినాయి."

గంగప్ప తగ్గాడు గాని, వెంట వచ్చినవాళ్లు ఊరుకోలేదు. ఒకాయన, "ఐదు మందిమి చెప్తాండాము, అందరం అబద్ధాలాడతామా?" అన్నాడు.

"అబద్ధమని యాడన్నా? వాడు దిగింది మీరు చూసినారు, నిజమే. వాడు చెప్పింది నేను ఇనలేదు."

"మా వంతు పోతే నువ్విస్తావా?"

"వంతు పోతే సారుతో మాట్లాడి రేపు ఇప్పిస్తా. మనిషి పోతే ఏ సారుతో మాట్లాడల్ల?"

ఆయన నా వైపు చూశాడు. పోయిన సమయం రేపు వాళ్లకు కలిపి ఇస్తామని చెప్పాను. గొణుక్కుంటూ వేపచెట్టు కిందికి పోయి కూర్చున్నారు. ఓబులేసు చేతులు రెండూ ఒళ్లో ఎడంగా పెట్టుకుని ఉండడం అప్పుడు గమనించాను. కావాలని పెట్టుకున్నట్టు లేదు.

రామాంజులు వచ్చేసరికి ఎండ వాలింది. చెట్టుకింది నుంచి లేచి ఎదురెళ్లి గంగప్ప అతనికి అంతా చెప్పాడు, ఫిర్యాదుగానే. "నువ్వు దిగినావంటే ఓబులేసు నమ్మలేదప్పా, మమ్మల్ని ఐదుగురినీ తిప్పిపంపినాడు." రామాంజులు, "నేను దిగింది ఒక స్తంభం గంగప్పా. ఇంకోటి ఎక్కిందాకా నువ్వు ఉండలేదే" అన్నాడు. గంగప్ప చేతిలోని తువ్వాలు భుజం మీద వేసుకుని పక్కకు తప్పుకున్నాడు.

కంట్రోల్ రూము గేటుకు ఇరవై అడుగులు కూడా ఉండదు. లోపలికి వచ్చి మామూలుగా చెబితే సరిపోయేది. రామాంజులు గేటు దగ్గరే సైకిల్ ఆపి, రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పట్టుకుని, పల్లె పల్లెంతా వినేంత గొంతుతో కేక వేశాడు.

"మామా, కిందుండా."

ఓబులేసు లేచి, కళ్లజోడు తీసి తుడుచుకుని, బోర్డు తీసి, బ్రేకరు వేశాడు. దూరంగా గంగప్ప మోటారు నీళ్లు పోయడం మొదలుపెట్టిందని చెట్టుకింద ఒకాయన అన్నాడు. అంత దూరం వినపడదు, అయినా ఎవరూ కాదనలేదు.

నేను 2006లో హిందూపురానికి మారాను. అక్కడ ఒక సబ్‌స్టేషన్‌లో కొత్తగా చేరిన ఆపరేటరు, మడకశిర వైపు కుర్రాడు, కన్నడం కలిపి మాట్లాడేవాడు. లైన్ క్లియర్ గురించి తెలుసా అని అడిగితే, "తెలుసు సార్, మా తాత బావి కథ" అని మొదలుపెట్టాడు. వాళ్ల తాత బావిలోకి దిగాడట. పైన తీగలు పట్టుకున్నది వాళ్ల తాత తమ్ముడట. ఆసామి పిసినారి, పని ఆగితే దుడ్లు దండగని అరిచాడట. చివర్లో సిగ్గుపడి రాగిసంగటీ కోడిపులుసూ పెట్టించాడట. నేను సరిదిద్దలేదు. ఒక్కటే అడిగాను.

"కేక ఎవరు వెయ్యాలి?"

"ఎక్కినోడే సార్. ఇంకెవరు చెప్పినా లెక్కలేదు."

ఆ సాయంత్రం ఓబులేసుకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. ముందు తన నాయనను ఎవరో తాతగా చేసుకున్నందుకు నొచ్చుకున్నాడు. తర్వాత పులుసు మాట విని గట్టిగా నవ్వాడు. "నువ్వు తీసేసింటివి కదా సారూ, మళ్లీ యాడినుంచి వచ్చింది?"

నాకూ తెలియదు. ఇప్పటికీ నేను నిబంధనలకు నంబర్లు వేస్తాను, అవి లేకుండా పని నడవదు. కానీ హ్యాండిల్ మీద చెయ్యి పెట్టినవాడికి ఆ క్షణంలో నంబరు కనిపించదు, అవతల ఉన్న మనిషి కనిపించాలి. ఆ మనిషిని చూపించే ఒక్క మాట దొరికేదాకా వెతకడం కూడా నా ఉద్యోగంలో భాగమేనని ఆ వేపచెట్టు కింద నేర్చుకున్నాను. పులుసు సంగతి మాత్రం విన్నవాళ్లకే వదిలేశాను.