మణి అక్కను చంపింది వా పెడల్ కాదు

నిన్న సాయంత్రం గుడివాడలో మా బావమరిది నిశ్చితార్థంలో ఉన్నాను. ప్రసాద్ ఫోన్ చేశాడు. మా ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాడు.

"మణి అక్క పోయిందిరా" అన్నాడు.

ఎక్కడికి అని అడిగాను.
నిజంగా అలాగే అడిగాను.

స్టేజీ మీద కరెంట్ షాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేసరికే ప్రాణం లేదట.

ఏడుపు ఇంకా రాలేదు నాకు. కోపం ఒక్కటే వస్తోంది. ఎందుకో చెప్తాను, దయచేసి చివరిదాకా చదవండి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మణి అక్క అంటే నాగమణి. వాళ్ళది నాగాయలంక, చేపల వ్యాపారం. తను విజయవాడ పటమటలో ఉంటూ మాతో లీడ్ గిటార్ వాయించేది. నేను కీబోర్డ్.

అక్క కాలి కింద ఎప్పుడూ రెండు బాక్సులుండేవి. ఒకటి వా పెడల్. మడమతో నొక్కితే గిటార్ గొంతు మూసుకుంటుంది, వేళ్ళతో నొక్కితే తెరుచుకుంటుంది. అచ్చం మనిషి నోటిలాగే.

ఆ పెడల్ వాళ్ళ తమ్ముడు శ్రీను కొనిచ్చాడు. గవర్నర్‌పేట మ్యూజిక్ షాపుకి నేనూ వెళ్ళాను. శ్రీను చేపల మార్కెట్ నుంచి అటే వచ్చేశాడు, చొక్కా నీచు వాసన కొడుతోంది. షాపాయన కాస్త దూరం జరిగి మరీ మాట్లాడాడు. తళతళలాడేవన్నీ ముందు పెట్టాడు. అక్క వాటి రంగు కూడా చూడలేదు. స్టూల్ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక్కోదాన్నీ మెల్లగా తొక్కుతూ వింది.

శ్రీనుకి విసుగొచ్చింది. "అన్నీ వా వా అనే గదే అంటున్నాయి! తేడా ఏముందే?"

"కింద నుంచి పైకెళ్ళేటప్పుడు మధ్యలో గొంతు పట్టెయ్యకూడదురా. పైకెళ్ళాక చెవిలో గుచ్చకూడదు. నువ్వూ కళ్ళు మూసుకుని విను."

విన్నాడు. ఒకదాని దగ్గర కళ్ళు తెరిచేశాడు. "ఇది అమ్మ కాలవగట్టు మీద నుంచి నన్ను పిలిచినట్టుందే... శ్రీనూ... అని!"

అక్క పగలబడి నవ్వింది. అదే తీసుకున్నారు.

రెండోది స్విచ్చర్. వా వాడనప్పుడు దాన్ని లైన్‌లోంచి పూర్తిగా తప్పిస్తుంది. "అది ఊరికే లైన్‌లో ఉంటే సౌండ్ తినేస్తుందిరా. పని లేని చుట్టాన్ని వీధి గుమ్మంలో కూర్చోబెట్టుకుంటామా?" అనేది. వేరే ట్రూపుల వాళ్ళు "మేడమ్ కుట్టు మిషన్ తొక్కుతున్నారు" అని నవ్వేవాళ్ళు. అక్క పట్టించుకునేది కాదు.

రెండూ తొమ్మిది వోల్టుల చిన్న చదరపు బ్యాటరీతో నడిచేవే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నిన్న కంకిపాడు దారిలో ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ ఓపెనింగ్. పొలాన్ని మట్టితో పూడ్చి, పైన పచ్చ కార్పెట్ పరిచారు. పొద్దున వాన పడి నేలంతా తడి. ఇక్కడి నుంచి ప్రసాద్ కళ్ళారా చూసింది రాస్తున్నాను.

అక్క ఎప్పటిలాగే గిటార్ తీగలకి టెస్టర్ పెట్టింది. వెలిగింది. వెంటనే ఈవెంట్ మేనేజర్‌ని పిలిచింది.

"ఎర్త్ లేదండీ. నేను వాయించను."

"అబ్బా, ప్రతి ఈవెంట్‌లోనూ ఇంతే మేడమ్. లేడీస్‌కి భయం ఎక్కువ."

ఎలక్ట్రీషియన్ కడ్డీ పాతి ఎర్త్ ఇస్తానన్నాడు. కార్పెట్ కొయ్యాలి, లుక్ పోతుంది అన్నాడట మేనేజర్.

లుక్!

అక్క గిటార్ కేసులో పెట్టేసి కిందికొచ్చి కూర్చుంది. అప్పుడు మేనేజర్ వాళ్ళు దిగొచ్చారు. గిటార్ కేబుల్ తగిలించే యాంప్ (సౌండ్ పెంచే పెట్టె) ప్లగ్ తీసి, ఎర్త్ ఉన్న వేరే బోర్డులో పెట్టారు. అక్క మళ్ళీ టెస్టర్ పెట్టి చూసుకుంది. వెలగలేదు. అప్పుడే స్టేజీ ఎక్కింది.

మధ్యలో ముఖ్య అతిథి ప్రసంగం. మావాళ్ళంతా కిందికొచ్చారు. ఎల్‌ఈడీ స్క్రీన్‌కి ఆ బోర్డు కావాల్సొచ్చింది. మేనేజర్ మనిషి ఒకతను యాంప్ ప్లగ్ పీకి పాత బోర్డులో పెట్టేశాడు. ఒక్కరికీ చెప్పలేదు. ఒక్క మాట, "మేడమ్, ప్లగ్ మార్చాం" అని!

ప్రసంగం అయ్యాక అక్క గిటార్ తగిలించుకుని కోరస్ అందుకోడానికి మైకు దగ్గరికి వంగింది. పెదవి మైకుకి తగిలింది.

అంతే.

హాస్పిటల్ వరండాలో ఆ మేనేజర్ శ్రీనుతో ఏమన్నాడో తెలుసా? "మీ అక్కగారు కాలి కింద ఏవో బాక్సులు పెట్టుకున్నారండి, వాటివల్లే షాక్ వచ్చింది."

పొద్దున్నే వాట్సాప్ గ్రూపుల్లో కూడా అదే. మణి అక్కని "లెజెండ్" అంటూ పువ్వుల బొమ్మలు పెట్టినవాళ్ళే కింద రాశారు, "పెడల్స్‌తో జాగ్రత్త ఫ్రెండ్స్" అని.

ఆ తరవాత శ్రీను నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, నిజం చెప్పు. నేను కొనిచ్చిందేనా మా అక్కని చంపింది?"

ఆ మాట అడిగించినవాళ్ళని నేను క్షమించను.

కాదు శ్రీనూ. అందరి ముందూ చెప్తున్నాను, కాదు. ఆ బ్యాటరీని నాలుక మీద పెట్టుకుంటే చురుక్కుమంటుంది, అంతకన్నా ఏమీ చెయ్యలేదు. కరెంటు వచ్చింది యాంప్ బాడీలోంచి. కేబుల్ మీదుగా తీగల దాకా వచ్చింది. ఎర్త్ ఉంటే భూమిలోకి పోయేది. లేదు కాబట్టి మనిషిలోంచి, పెదవికి తగిలిన ఆ మైకు మీదుగా పోయింది.

మీ అక్క జాగ్రత్తపడింది. ఒకసారి కాదు, రెండుసార్లు. అడిగింది, వాయించనంది, దిగిపోయింది. ఇంకేం చెయ్యాలి మనిషి?

శ్రీను, ప్రసాద్ మధ్యాహ్నం పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి కంప్లయింట్ ఇచ్చారు. ఎలక్ట్రీషియన్ తనంతట తనే వాళ్ళతో వెళ్ళాడు. "ఉద్యోగం పోతే పోనివ్వండి, ప్లగ్ మార్చింది ఎవరో నేను చెప్తాను" అన్నాడట. ఆయనకి దండం.

రేపు పొద్దున నాగాయలంకలో అంత్యక్రియలు. రాగలిగినవాళ్ళు రండి. వచ్చి శ్రీను దగ్గర పెడల్ మాట ఎత్తితే మాత్రం నేనక్కడే ఉంటాను.

అక్కా, ఇక ఎవరినీ బతిమాలక్కర్లేదు. హాయిగా నిద్రపో.

నీకు శాంతి కావాలి. మాకు ఇప్పుడే వద్దు.