ముల్లంగి మడిలో రంపపు ఈగ

మిరపకు మందు కొట్టి నా భర్త రెండు రోజులు దవాఖానాలో పడుకున్న ఏడాది, నేను ఇంట్లో ఒక మాట తెగేసి చెప్పాను. గోదావరి వైపున్న ఎకరంలో ఇక మందు డబ్బా మూత తీయనివ్వనని. మా మామయ్య కాదనలేదు. ఆయన ఏదైనా కాదనాలంటే బేరం పెడతారు.

"ఒక్క పంట చూపియ్యమ్మా. నిలబడితే ఆ ఎకరం నీ ఇష్టం. పోతే జామాయిల్ పెడత," అన్నారు.

బూర్గంపాడు చుట్టుపక్కల కాగితం మిల్లుకు నరికి అమ్మే జామాయిల్ చెట్లు లేని దారి లేదు. ఒకసారి నాటితే నాలుగేళ్లు ఆ నేల వైపు పోనక్కర్లేదు. నాకేమో రోజూ పోవాలనే ఉంది. ఒప్పుకున్నాను.

నేను బొగ్గుగని కార్మికుడి కూతుర్ని. క్వార్టర్ వెనక రెండు కొత్తిమీర మడులు తప్ప నాకు సేద్యం తెలియదని అత్తింట్లో గట్టి నమ్మకం. అందులో నిజం లేకపోలేదు గానీ, ఒప్పుకోవాలంటే ఒళ్లు మండుతుంది.

చలి మొదలవగానే ఎకరమంతా ముల్లంగి వేశాను. మూడో వారంలో ఆకులకు చిల్లులు పడ్డాయి. తిప్పి చూస్తే నలుపు కలిసిన ఆకుపచ్చ పురుగులు, ఒంటి నిండా ముడతలు. అప్పట్లో ఆకు మీద పాకేదంతా నాకు గొంగళిపురుగే. గొంగళిపురుగులకు రోగం తెచ్చే బ్యాక్టీరియా పొడి అమ్ముతారని విన్నాను, మనుషులకు హాని లేదన్నారు. ఎవర్నీ అడక్కుండా తెచ్చి, నీళ్లలో కలిపి, ఆరు రోజుల్లో మూడుసార్లు కొట్టాను. అది తిన్న పురుగు మేత మానేసి చస్తుందట. నావి మేత మానలేదు, ఇంకా బలిశాయి. ఏడో రోజుకి కాలువ వైపు మడుల్లో ఆకులు పోయి ఈనెలే మిగిలాయి.

అప్పుడు గానీ మండలంలో పనిచేసే వ్యవసాయ విస్తరణ అధికారికి ఫోన్ చేయలేదు. నాకంటే చిన్నది. బండి దిగి నేరుగా మడిలోకి వచ్చింది. ఒక పురుగును అరచేతిలో వెల్లకిలా వేసింది.

"అక్కా, పొట్ట కింద కాళ్లు లెక్కపెట్టిండ్రా?"

"పురుగు కాళ్లు ఎవరు లెక్కపెడతరమ్మా?"

"మీరే లెక్కపెట్టాలె. గొంగళిపురుగుకు పొట్ట కింద మెత్తటి కాళ్లు ఐదు జతలకు మించవు. దీనికి ఎనిమిదున్నయ్, చూడండి. ఇది సీతాకోకచిలుకల జాతి కాదు, రంపపు ఈగ పిల్ల. కందిరీగలకు చుట్టం. మీ పొడి దీని మీద పనిచెయ్యదు."

ఆరు రోజులు ఉత్త పిండి చల్లాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఏం చేయాలో ఆమె చెప్పినదంతా అట్ట ముక్క మీద రాసుకున్నాను.

తల్లి ఈగను మర్నాడు చూశాను. నారింజ రంగు ఒళ్లు, పొగ పట్టినట్టున్న రెక్కలు, కుట్టదు. దాని తోక చివర సన్నటి రంపముంటుందట. ఆకు అంచుకు ఆనుకుని ఒంగి, మెల్లగా కోసి, ఆ చీలికలో ఒక గుడ్డు దాచి, కాస్త జరిగి మళ్లీ కోస్తోంది. మగ ఈగ దొరక్కపోయినా గుడ్లు పెడుతుందట, వాటిలోంచి మగవే పుడతాయట. అంత శ్రద్ధగా పనిచేసే దాన్ని తిట్టడానికి కాసేపు నోరు రాలేదు. తర్వాత వచ్చింది, బాగానే తిట్టాను.

ఆ పిల్లలు పొద్దున్న, సాయంత్రం తింటాయి. ఎండెక్కితే మట్టిలోకి దిగిపోతాయి. ముట్టుకుంటే చుట్టుకుపోయి, చచ్చినట్టు నటిస్తూ కింద రాలతాయి. మొదటి రోజు చేత్తో ఏరబోతే అన్నీ జలజలా రాలి నల్లమట్టిలో కనపడకుండా పోయాయి. రాలేలోపే పట్టాలంటే కింద ఏదైనా ఉండాలి. ఇంట్లో చేట తీసుకున్నాను.

"బియ్యం చెరిగే చేటల పురుగులు పోస్తవా? అది లక్ష్మి," అని మా అత్తయ్య గుమ్మంలో అడ్డం నిలబడింది.

ఆమెతో వాదన పెట్టుకుంటే ఎండెక్కుతుంది. భద్రాచలం వంతెన దాటి, మేదరి దగ్గర రెండు కొత్త చేటలు కొనుక్కొచ్చాను. మొక్క కింద చేట పెట్టి కొడితే పురుగులన్నీ అందులోనే పడ్డాయి. వాటిని సబ్బునీళ్ల బకెట్లో పోశాను. కాకర గింజలు నూరిన నీళ్లు చల్లితే ఆకు జోలికి రావడం తగ్గించాయి. పద్దెనిమిది రోజులు రెండు పూటలా ఇదే పని. నడుం పట్టేసింది. మందు మాత్రం ముట్టలేదు.

పంట పీకే రోజున మామయ్య వచ్చారు. గోదావరి వైపు సగం నిలబడింది. కాలువ వైపు సగం మట్టే. ఒక ముల్లంగి పీకి, పంచెకు తుడిచి, కొరికి చూశారు.

"గట్టిగున్నయ్. నిలబడ్డంత నీది, పోయినంత జామాయిల్. న్యాయమేనా అమ్మా?"

వాదించాలని నోటిదాకా వచ్చింది. పురుగు వల్ల పోయిందని అనొచ్చు. కానీ ఆ ఆరు రోజులు నావి. మొదటి రోజే ఒక్క పురుగును తిరగేసి చూసి ఉంటే ఎకరమంతా నిలబడేది.

"న్యాయమే మామయ్యా," అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది, ఆయన ముందే ఏడ్చాను.

తొలకరికి ఆ అర ఎకరంలో జామాయిల్ దిగింది. ఇప్పుడు నా నడుం ఎత్తుకు వచ్చింది. మిగిలిన సగంలో ఈ చలికాలం మళ్లీ ముల్లంగి వేశాను, ఆవాలు కూడా. మొన్న మామయ్యను అడిగాను, జామాయిల్ నరికాక ఆ నేల నాకిస్తారా అని.

"అది నరికినా మొదట్లోంచి మళ్లా చిగురేస్తదమ్మా," అన్నారు.

"మొదళ్లు నేనే తవ్వుకుంట," అన్నాను.